దీవెన పడిన నీళ్ళు

మా వీధిలో చర్చిలు మూడున్నాయి. బోర్డుల మీద వాటికి పెద్ద పెద్ద పేర్లు రాసి ఉన్నాయి గానీ వీధిలో ఎవరూ ఆ పేర్లతో పిలవరు. మెట్ట మీద ఉన్నది గంట గుడి. దాని వెనక గోడకి ఆనుకుని ఉన్నది తొట్టి గుడి. వీధి చివర పాత గోడౌనులో పెట్టింది చప్పట్ల గుడి. గంట గుడిలో పసిపిల్లల నుదుటి మీద నీళ్ళు చల్లి బాప్తిస్మం ఇస్తారు. తొట్టి గుడిలో బుద్ధి తెలిశాక, మనిషే వచ్చి అడిగాక, తొట్టిలో దింపి నిలువునా ముంచి ఇస్తారు. చప్పట్ల గుడిలో ముంచడమూ ఉంది, ముంచాక ఇంకా చాలా ఉంది, అది ఒక పట్టాన తెమలదు. మాది తొట్టి గుడి.

ముగ్గురికీ దేవుడు ఒకడే. అయినా గంట గుడి వాళ్ళు గంట కొట్టేటప్పుడు మా పాస్టరు గారు వాక్యం చెప్పడం ఆపి కిటికీ వైపు చూసేవారు. మా మైకు మొదలైతే వాళ్ళ ఫాదరు గారు తలుపులు వేయించేవారు. చప్పట్లు మొదలైతే వాళ్ళూ మేమూ కలిసి తలుపులు వేసుకునేవాళ్ళం. ఆ ఒక్క విషయంలోనే మాకు ఐకమత్యం. అంతకు మించి గొడవలు లేవు. పలకరింపులూ లేవు.

ఆ ఏడు వానలకి ఏరు పొంగి ఊరి నీళ్ళ చెరువులో కలిసింది. కుళాయిలో నీళ్ళు మురికి రంగులో వచ్చాయి. పల్లపు వీధుల్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఆసుపత్రిలో మంచాలు చాలక వరండాలో చాపలు పరిచారు. నీళ్ళ ఆఫీసు వాళ్ళు బండి మీద వచ్చి, గొట్టాలు బాగయ్యేదాకా కుళాయి నీళ్ళు ఎవరూ తాగొద్దని మైకులో చెప్పి పోయారు. మరేం తాగాలో చెప్పలేదు.

ముందు కదిలింది చప్పట్ల గుడి పాస్టరమ్మ. భర్త పోయాక ఆ గుడి ఆమే నడుపుతోంది. మైకు అక్కర్లేని గొంతు, అయినా మైకు పెడుతుంది. ఒకరోజు పొద్దున్నే ఫాదరు గారిని వెంటబెట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చింది.

"మీకు బోరు ఉంది. ఫాదరు గారికి జాగా ఉంది. నాకు మనుషులున్నారు, గుండిగలున్నాయి. ఈ మూడూ ఒకచోటికి రాకపోతే పల్లంలో జనం ఒక్కొక్కళ్ళే పైకి పోతారు. పైన ఎవరి దేవుడి దగ్గరికి పోయారన్న గొడవ తర్వాత తీరిగ్గా పడదాం," అంది.

గేటు తీసింది మా బావ.

బావ అంటే మా అక్క మొగుడు. తొట్టి గుడికి సంఘ పెద్ద. ఆయనకి బజారులో తాళాలు బాగుచేసే కొట్టు ఉండేది. చూపు తగ్గాక కొట్టు తీసేశాడు. పిల్లలు లేరు. ఇక ఆయనకి మిగిలింది గుడే. తొట్టిలోకి దిగేవాళ్ళ చెయ్యి పట్టుకుని మెట్లు దింపేది ఆయన. ప్రభువు బల్ల దగ్గర అందరికీ పంచే రొట్టె ముక్కల పళ్ళెం పట్టేది ఆయన. ముందు వరసలో బల్ల పక్కన ఆయనకో కుర్చీ ఉంది, ఆయన రాకపోయినా అందులో ఎవరూ కూర్చోరు. బోరు గది తాళంచెవి ఆయన నడుముకే ఉంటుంది. బజారులో నడిచేటప్పుడు తల కొంచెం వంగి ఉండే మనిషి, గుడి మెట్లెక్కగానే నిటారుగా అయ్యేవాడు. పెద్దరికం అంటే ఆయనకి ప్రాణం. ఇది దాచేదేం కాదు, అందరికీ తెలుసు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం కూర్చుంది. బోరు నీళ్ళు ఇద్దామా వద్దా అన్నది మాట. లెక్కల మాస్టారు లేచాడు. ఆయన బావ తర్వాత పెద్ద. కోపిష్టి కాదు, కానీ పట్టు పడితే వదలడు.

"నీళ్ళివ్వడం మంచిదే. కానీ అవి కాగేది వాళ్ళ ఆవరణలో. ఇవాళ కాకపోతే రేపు ఆ ఫాదరు వచ్చి వాటి మీద చెయ్యి ఆడిస్తాడు. మంత్రించిన నీళ్ళు మన బోరు పేరు చెప్పి ఇంటింటికీ వెళ్తాయి. మన తాతలు వాళ్ళలోంచి ఎందుకు బయటికొచ్చారు? ఇలాంటివాటి మీదేగా?"

సగం తలలు ఊగాయి. పాస్టరు గారు కుర్రవాడు, కొత్తగా వచ్చినవాడు. ఆయన బైబిలు అట్ట మీద వేళ్ళతో రాస్తూ కూర్చున్నారు.

బావ లేచాడు. "ఆ నీళ్ళ మీద ఎవరి చెయ్యీ ఆడదు. పూచీ నాది."

"ఆడితే?"

"ఆడితే ఆ నీళ్ళు గేటు దాటవు. ఒక్క చెంబెడు దాటినా నా పెద్దరికం తీసుకోండి."

ఆ మాట మీద సంఘం ఒప్పుకుంది.

ఇంటికొచ్చాక మా అక్క అందుకుంది. "నీళ్ళు పోయడానికి ఎవరైనా చెంబు పట్టుకెళ్తారు. ఈయన తల పట్టుకెళ్ళాడు, తాకట్టు పెట్టడానికి."

"నీకు తెలియదు, ఊరుకో," అన్నాడు బావ.

"నాకేం తెలుస్తుంది. ఇంట్లో నేను చెప్పిన ఒక్క పనికి ఎప్పుడైనా పూచీ పడ్డాడా? నువ్వు చెప్పరా తమ్ముడూ."

నేను అన్నం తింటున్నాను.

"అడిగాను చూడు, నాకే బుద్ధి లేదు," అంది అక్క. "ఒకడు నోరు తెరిస్తే ముయ్యడు. ఇంకొకడు ముద్ద కోసం తప్ప తెరవడు."

మర్నాడు బావ వెళ్ళి ఫాదరు గారితో షరతు మాట్లాడుకున్నాడు. నీళ్ళ దగ్గర ఏ గుడి ప్రార్థనా వినపడకూడదు. ఎవరి ప్రార్థన వాళ్ళు ఇంట్లోనో గుడిలోనో చేసుకుని రావాలి. ఫాదరు గారు ముసలాయన. ఎవరేం చెప్పినా తల ఊపి నవ్వుతారు. "అలాగేనయ్యా. ప్రార్థన లోపల, నీళ్ళు బయట. మంచి ఏర్పాటు," అన్నారు. ఆయన గురించి బావ మళ్ళీ ఆలోచించలేదు. బావ బెంగంతా పాస్టరమ్మ మీద.

పని మొదలైంది. రెండు గుళ్ళ మధ్య గోడ మీద గాజుపెంకులు గుచ్చి ఉన్నాయి. ఎవరు గుచ్చారని అడిగితే అటువాళ్ళు ఇటు చూపిస్తారు, ఇటువాళ్ళు అటు చూపిస్తారు. వాటి మీద తడి గోనెసంచులు మడతపెట్టి వేసి, మా బోరు నించి రబ్బరు గొట్టం అటు దించాం. కరెంటు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వచ్చేది. పొద్దున వచ్చినప్పుడే మూడు గుండిగలూ నింపుకోవాలి. నేను పనిచేసినన్నాళ్ళూ ఆసుపత్రి దుప్పట్లు ఉడకబెట్టే చోట పనిచేశాను కాబట్టి పొయ్యిలు నాకు అప్పజెప్పారు.

కట్టెలన్నీ తడి. ఫాదరు గారు గుడి వెనక కొట్టంలో కప్పు కారి పాడైన పాత బెంచీలు ఉన్నాయంటే, అవి చీల్చి పెట్టాం. భగ్గుమని మండాయి.

"మీ బెంచీలు బాగా మండుతున్నాయి ఫాదరు గారూ," అన్నాడు బావ.

"వార్నీషయ్యా. వాటి మీద కూర్చున్నవాళ్ళకి మాత్రం ఎప్పుడూ ఇంత వేడి పుట్టలేదు," అన్నారు ఆయన.

చప్పట్ల గుడి వాళ్ళు మంచి పనివాళ్ళు. కుర్రాళ్ళు, ఆడవాళ్ళు వరసగా నిలబడి డబ్బాలు కడిగేవాళ్ళు, నింపేవాళ్ళు, పల్లంలో ముసలివాళ్ళకి ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చేవాళ్ళు. కానీ పాట లేకుండా పని చేయడం వాళ్ళకి అలవాటు లేదు. ఒకడు ముక్కుతో మొదలుపెడితే ఇంకొకడు కాలుతో తాళం వేసేవాడు. బావ చూసేవాడు. ఆగిపోయేవి. పాస్టరమ్మకైతే ప్రతి డబ్బా నిండగానే నోట్లో 'స్తోత్రం' అనే మాట వచ్చి ఆగేది.

"స్తో..."

బావ తిరిగేవాడు.

"అనలేదు పెద్దయ్యగారూ. సగమే అన్నాను."

"సగం కూడా వద్దమ్మా."

"మింగేశాను, చాలా? ఇన్ని స్తోత్రాలు మింగితే నాకే కడుపులో ఏదో అవుతుంది. అప్పుడు మీ నీళ్ళే తాగించాలి."

అలా నడిచింది. ఆసుపత్రి నర్సొకామె పనిలోకి పోతూ ఆగి, పల్లం నించి వచ్చే కేసులు తగ్గాయని చెప్పి పోయింది. లెక్కల మాస్టారు ముందు చూడడానికని వచ్చేవాడు. తర్వాత ఊరికే నిలబడడం బాగోక డబ్బాలు అందుకునేవాడు. మోసేటప్పుడు కూడా కళ్ళు గుండిగల మీదే.

తర్వాత ఒకరోజు పల్లంలో ఒక ముసలామె పోయింది. గంట గుడి మనిషి. పొద్దున్నే సమాధి చేశారు. ఫాదరు గారు అక్కణ్ణించి నేరుగా ఆవరణలోకి వచ్చారు. ఆరాధన అంగీ ఇంకా ఒంటి మీదే ఉంది. అంచులకి మట్టి అంటింది. గుండిగలు దించి, ఆవిరి పోవడానికి మూతలు ఓరగా పెట్టాను. ఆయన వాటి దగ్గర ఆగారు. కుడి చెయ్యి పైకి లేచింది. పెదవులు కదిలాయి. మొదటి గుండిగ మీద సిలువ గుర్తు వేశారు. రెండోదాని మీద వేశారు. ఒక అడుగు జరిగి మూడోదాని మీద కూడా వేశారు.

బావ ఆ సమయంలో పాస్టరమ్మని చూస్తున్నాడు. డబ్బాల చప్పుడు ఆగిపోతే తిరిగి చూశాడు.

"ఫాదరు గారూ! ఏం చేశారు మీరు?"

ఫాదరు గారు తన చెయ్యి తనే చూసుకున్నారు. ఇంకా గాల్లోనే ఉంది. "అయ్యో," అన్నారు. "చేశానా?"

"చేశారు."

"అన్నిటికీనా?"

"ఒక్కటీ వదల్లేదు."

"క్షమించయ్యా. సమాధి దగ్గర్నించి వస్తున్నాను. నేను వచ్చేశాను గానీ చెయ్యి ఇంకా అక్కడే ఉంది."

"తీసెయ్యండి."

"ఏమిటి తీసేది?"

"ఆ దీవెన."

"తీసెయ్యడానికి అది మూత కాదయ్యా," అన్నారు ఫాదరు గారు చాలా బాధగా. "పడింది పడినట్టే."

లెక్కల మాస్టారు చేతిలో డబ్బాలు కింద పెట్టాడు. బావ వెళ్ళి గేటు మూసి, జేబులోంచి తాళం తీసి వేశాడు. ఆయన జేబులో ఎప్పుడూ ఒక తాళం ఉంటుంది.

అప్పటికి గేటు బయట జనం డబ్బాలతో నిలబడి ఉన్నారు. కరెంటు పోయింది. మళ్ళీ సాయంత్రం దాకా రాదు.

"సాయంత్రం కరెంటొచ్చాక కొత్తగా తోడి, కొత్తగా కాచి ఇద్దాం," అన్నాడు మాస్టారు. "ఇవి పారబోద్దాం. పెద్దాయన మాటా నిలుస్తుంది."

గంట గుడిలో గంట కొట్టే ఆయన అడ్డం వచ్చాడు. "పారబోయడమా? దీవించిన నీళ్ళు మురిక్కాలవలో పొయ్యకూడదు. మా దగ్గర ఆ పద్ధతి లేదు."

"మరెక్కడ పొయ్యాలి?"

"మట్టిలో పొయ్యొచ్చు. మొక్కలకి పొయ్యొచ్చు."

మాస్టారు చుట్టూ చూశాడు. ఆవరణంతా బండలు. ఒక మూల పూలకుండీ ఒకటి ఉంది. అందులో మొక్క చచ్చిపోయి ఉంది.

"అంటే," అంది పాస్టరమ్మ, "వీళ్ళు బయటికి పోనివ్వరు. వాళ్ళు పారబొయ్యనివ్వరు. బాగుంది. కప్పు వేసి దీన్నో నాలుగో గుడి చేసెయ్యండి." తర్వాత బావ వైపు తిరిగింది. "పెద్దయ్యగారూ, నాకొకటి చెప్పండి. మనిషి చెయ్యి ఆడిస్తే నీళ్ళు మారవనే కదా మీ నమ్మకం?"

"అదే."

"మరి మారని నీళ్ళకి భయమెందుకు?"

"నీళ్ళకి కాదమ్మా. మాటిచ్చాను."

పాస్టరమ్మకి ఆ పూచీ సంగతి అప్పటిదాకా తెలియదు. మాస్టారు చెప్పాడు, ఒక్క చెంబెడు గేటు దాటినా ఏమవుతుందో. ఆమె చేతిలోని గరిటె కిందికి దించింది. ఫాదరు గారు అక్కడే ఒక విరిగిన బెంచీ ముక్క మీద కూలబడ్డారు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నారు.

గేటు కమ్మీల్లోంచి ఇస్త్రీ పనిచేసే ఆవిడ ఒకామె కేకేసింది. "ఏమండీ, నీళ్ళు కాగాయా లేదా?"

"కాగాయమ్మా," అన్నాడు గంట కొట్టే ఆయన.

"మరి తాళమెందుకు?"

"చిన్న ఇబ్బంది వచ్చింది."

"పురుగు పడిందా?"

"పురుగు కాదు. దీవెన పడింది."

ఆవిడ పక్కామెని చూసింది. పక్కామె ఈవిడని చూసింది. "పడితే ఏమవుతుంది? కడుపులో నొప్పొస్తుందా?"

"నొప్పేం రాదు."

"మరింకేం? మేమే గుడికీ పోము లెండి, మాకది అంటదు. ఇటు పొయ్యండి. మా ఆయనకి పొద్దుట్నించి మూడుసార్లు అయింది. గొంతు తడపడానికి ఇంట్లో చుక్క లేదు. కుళాయి తిప్పమంటారా, తిప్పి పోసెయ్యమంటారా? చెప్పండి, మీరే చెప్పండి, పోసేస్తాను."

గంట కొట్టే ఆయన గేటు దగ్గర్నించి వెనక్కి జరిగాడు.

బావ పొయ్యి దగ్గరికి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "నువ్వేమంటావురా?"

"పారబోస్తే మళ్ళీ కాచాలి. కట్టెలు లేవు," అన్నాను.

"అంతేనా నువ్వనేది?"

నేను మిగిలిన నిప్పులు ఒకచోటికి లాగాను.

ఆయన ఫాదరు గారి దగ్గరికి వెళ్ళాడు. ముందు నిలబడ్డాడు, తర్వాత ఆ బెంచీ ముక్క మీదే పక్కన కూర్చున్నాడు. గంట గుడి బెంచీ మీద ఆయన కూర్చోవడం నేను చూడడం అదే మొదలు.

"చెయ్యి ఆడించేటప్పుడు ఏదో అన్నారు. ఏమన్నారు?"

"ఏముందయ్యా. తాగినవాళ్ళు బతకాలని."

"అంతేనా?"

"అంతే. మా పుస్తకంలో కొంచెం పొడుగుంటుంది. సారం అదే."

బావ తల ఊపాడు. ఊరికే, విన్నట్టు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు. గేటు వైపు నడిచాడు. తాళం తీశాడు.

"పెద్దాయనా," అన్నాడు మాస్టారు. "మాట గుర్తుందా?"

"గుర్తుంది. అన్నది నేనేగా."

"నేను అబద్ధం చెప్పలేను. ఆదివారం అడిగితే ఉన్నది చెప్తాను."

"చెప్పాలి. అందుకే మీరు చెయ్యి పెట్టకండి, చూడండి చాలు. మన సంఘంలో పోసినవాణ్ణి నేనొక్కణ్ణే అని గట్టిగా చెప్పాలి."

పాస్టరమ్మ చేతిలోని పొడుగు కాడ గరిటె తీసుకుని ఇస్త్రీ ఆవిడ డబ్బాలో మొదట పోశాడు. తర్వాత వెనకున్నామెకి. తర్వాత ఆ వెనక. చప్పట్ల గుడి కుర్రాళ్ళు సాయం రాబోతే వద్దన్నాడు. గంట కొట్టే ఆయన్ని కూడా వద్దన్నాడు. ఎండెక్కింది. ఆయన చొక్కా వీపుకి అంటుకుపోయింది. మధ్యలో ఒకసారి గరిటె ఎడమ చేతికి మార్చుకున్నాడు.

"మమ్మల్నేం చెయ్యమంటారు మరి?" అంది పాస్టరమ్మ.

"చేతులు ఖాళీగానే ఉన్నాయిగా, చప్పట్లు కొట్టుకోండి. ఇవాళ నేనేమీ అనను."

ఆమె కొట్టలేదు. పక్కనే నిలబడి, ఆయన పోసిన ప్రతి డబ్బాకీ మూత బిగించింది.

గుండిగలు ఖాళీ అయ్యాక ఫాదరు గారు వచ్చారు. "ఆదివారం మీ గుడికి వచ్చి తప్పు నాదని చెప్తానయ్యా. మీవాళ్ళు వింటారు," అన్నారు.

"మీరు వస్తే ఇంకా పాడవుతుంది ఫాదరు గారూ. మీ గంట మీరు కొట్టుకోండి, ఎప్పటిలాగే."

ఇంట్లో అక్కకి అప్పటికే తెలిసిపోయింది. వీధంతా తెలిసిపోయింది. ఆమె ఏదో అనబోయి, ఆయన కుడి చెయ్యి పైకి లేవకపోవడం చూసి, నూనె వేడి చేసి తెచ్చింది. భుజానికి పట్టిస్తూ, "పోనీలే, కుర్చీయేగా," అంది.

"కుర్చీ కాదే," అన్నాడు బావ.

"నాకు తెలుసులే," అంది అక్క.

ఆదివారం దాకా పని ఆగలేదు. ఫాదరు గారు మాత్రం నీళ్ళు కాగే చోటికి రావడం మానేసి, లోపల కిటికీ దగ్గర నించి చూసేవారు.

ఆదివారం ఆరాధన మధ్యలో, రొట్టె పంచడానికి ముందు, బావ లేచి నిలబడ్డాడు. జరిగింది చెప్పాడు. సాగదీయలేదు. అంతకు ముందు తనేం మాటిచ్చాడో కూడా చెప్పాడు. మాస్టారు కేసి చూశాడు.

మాస్టారు లేచాడు. "నిజమే. పోశాడు," అన్నాడు. "ఒక్కడే పోశాడు." మళ్ళీ కూర్చున్నాడు.

వెనక నించి ఎవరో ముసలావిడ, "నీళ్ళేగా పోసింది, విషం పొయ్యలేదుగా," అంది. కొందరు అవునన్నారు. కొందరు మాటంటే మాటే అన్నారు. పాస్టరు గారు నుదురు తుడుచుకున్నారు.

"పెద్దాయన పశ్చాత్తాపపడ్డాడని సంఘం అనుకుంటే..." అని మొదలుపెట్టారు.

"లేదు అయ్యగారూ," అన్నాడు బావ. "పశ్చాత్తాపం ఉంటే ఇంత దూరం ఎందుకు? రేపు అలాగే జరిగితే రేపూ పోస్తాను. అందుకే తీసుకోమంటున్నాను. మాట తప్పినవాడు బల్ల పక్కన కూర్చోకూడదు, అది మన పద్ధతే."

నడుము నించి బోరు గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాడు. తీయడానికి కొంచెంసేపు పట్టింది. ఎప్పుడూ తీసింది కాదు.

"ఎవరు తీసుకుంటారు?" అని అడిగారు పాస్టరు గారు, చాలా మెల్లగా.

అందరూ మాస్టారు కేసి చూశారు. ఆయనే తర్వాతి పెద్ద. ఆయన కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. లేచి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"తాళంచెవి తీసుకుంటాను," అన్నాడు. "రేపు పొద్దున బోరు నేనే వేస్తాను. మాట మాత్రం ఇవ్వను. నీళ్ళ మీద ఎవరు చెయ్యి ఆడిస్తారో, ఎవరు పాడతారో, దానికి పూచీ నన్ను అడగొద్దు. అడిగితే ఇది ఇక్కడే ఉంటుంది, ఇంకెవరైనా తీసుకోండి."

ఎవరూ అడగలేదు. ఎవరూ తీసుకోలేదు. ఆయన దాన్ని జేబులో వేసుకున్నాడు.

బావ కుర్చీ దగ్గరికి వెళ్ళకుండా మధ్య దారిలో వెనక్కి నడిచి వచ్చాడు. మా అక్క ఆడవాళ్ళ వైపు నించి ఒకసారి చూసి పాటల పుస్తకం పేజీ తిప్పింది. నేను కూర్చునేది చివరి బెంచీ, తలుపు పక్కన. బావ వచ్చి, "జరుగు," అన్నాడు. జరిగాను.

రొట్టె పళ్ళెం ఇన్నాళ్ళూ ఆయన చేతిలోంచి మాకు వచ్చేది. అందరికీ ఇచ్చాక చివర్న ఆయన తీసుకునేవాడు. ఆ రోజు మాస్టారు పట్టుకొచ్చాడు. ముందు వరసల నించి మొదలుపెట్టి మా బెంచీ దాకా వచ్చాడు. బావ ముందు ఆగి పళ్ళెం కిందికి దించాడు, బాగా కిందికి. బావ ఒక ముక్క తీసుకున్నాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మాస్టారు ముందుకి వెళ్ళిపోయాక పాస్టరు గారు వాక్యం అందుకున్నారు. బావ చెవి ఒగ్గి కూర్చున్నాడు. ముందుకి వంగాడు. మళ్ళీ వెనక్కి ఆనుకున్నాడు.

"ఇక్కడికి ఏం వినపడదేంరా," అన్నాడు నా చెవిలో.

"వినపడదు."

"మరి ఇన్నాళ్ళూ ఇక్కడ కూర్చుని ఏం విన్నావు?"

"ఫ్యాను," అన్నాను.

ఆయన తల ఎత్తి ఫ్యాను కేసి చూశాడు. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. నవ్వాడో, ఇంకొకటో, నేను అటు తిరిగి చూడలేదు.